ముట్టని మట్టి

తొలకరి పడి చెరువులు కాస్త తేరుకునే వేళకు నెక్కొండలో వెల్డింగ్ షాపుల ముందు కేజీ వీల్స్ గోడకు ఆనించి కనిపిస్తాయి. ఆరు నెలల తుప్పు, ఎండి అట్టకట్టిన బురద, అక్కడక్కడా ఊడిన పళ్లు. పోయినేడు అట్లాంటి ఒక షాపు ముందు నిలబడి ఉండగా ఒక పెద్దాయన చక్రాన్ని చూపించి, "తమ్మీ, ఈ రెండు పట్టీల నడుమ ఇంకోటి ఎయ్యి. పోయిన యాసంగిల ఒక్క తీరుగ జారింది" అన్నాడు. వెల్డింగ్ చేసే పిల్లగాడు నల్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, "నడుమ ఎస్తె మట్టి పట్టుకుంటది కాకా. గప్పుడు అది చక్రం గాదు, డ్రమ్మయితది" అన్నాడు.

ఆ పిల్లగాడు చెప్పింది నిజమని వినగానే తోచింది. ఎందుకు నిజమో తేల్చుకోవడానికి పుస్తకాలు తిరగేయాల్సి వచ్చింది. తిరగేసిన కొద్దీ తెలిసిందేమంటే, ఇదే ప్రశ్న కెనడాలో గడ్డకట్టిన చెరువుల మీద స్నోమొబైల్ నడిపేవాళ్లకూ ఉంది. బండి కింద తిరిగే రబ్బరు పట్టాకు వాళ్లు మేకులు బిగించుకుంటారు. ఎన్ని బిగించాలి, ఎక్కడ బిగించాలి అన్నది అక్కడి తర్జనభర్జన. బురద వేరు, మంచు వేరు. పన్ను ఎక్కడ దిగాలన్న లెక్క మాత్రం రెండు చోట్లా ఒక్కటే: పళ్లు ఎన్ని ఉన్నాయని కాక, ఒక్కో పంటికి తనదంటూ ఎంత ముట్టని మట్టి దొరికిందని చూడాలి.

కేజీ వీల్ అన్న పేరుకూ కిలోలకూ సంబంధం లేదు. పంజరం చక్రం అనే అర్థమున్న ఇంగ్లీషు మాట మన నోట్లో అట్లా స్థిరపడింది. రెండు మూడు ఇనుప వలయాలు, వాటిని కలుపుతూ అడ్డంగా అతికిన యాంగ్లర్ ముక్కలు. ఆ అడ్డ ముక్కలే పళ్లు. టైరు విప్పేసి దాని స్థానంలో బిగించేది ఫుల్ వీల్. టైరు ఉండగానే పక్కన బిగించేది హాఫ్ వీల్. హాఫ్ వీల్‌ను టైరు కంటే కొంచెం చిన్నగా చేస్తారు. గట్టి నేల మీద టైరే బరువు మోస్తుంది, ఇనుము గాలిలో తిరుగుతుంది. మడిలోకి దిగి టైరు కుంగినప్పుడే పళ్లు నేలను అందుకుంటాయి. అవసరమైన చోట మాత్రమే పనిచేసే ఈ ఏర్పాటు నాకు చాలా ఇష్టం.

నాట్లకు ముందు నీళ్లు పెట్టి మడిని మెత్తగా కలియదున్నడాన్ని మా దిక్కు కరిగెట అంటాం, కోస్తా వాళ్లు దమ్ము అంటారు. ఆ మడిలో వట్టి టైరు ఎందుకు పనికిరాదో చూడాలంటే ట్రాక్టరును పది అడుగులు నడిపితే చాలు. టైరు మీది ఏటవాలు గుబ్బల సందులు బురదతో నిండిపోతాయి. నిండిన బురద రాలదు, చక్రంతో పాటే తిరుగుతుంది. ఇక గుబ్బలు ఉన్నా లేనట్టే. నున్నటి ముద్ద ఒకటి నున్నటి బురద మీద తిరుగుతుంటుంది, బండి ఉన్నచోటనే కుంగుతుంది. పెద్దాయన అడిగినట్టు పట్టీల నడుమ ఇంకో పట్టీ వేస్తే కేజీ వీల్‌కూ ఇదే గతి పట్టేది.

మట్టి ఎంత తోపుకు ఓర్చుకుంటుందన్న దానికి చక్కటి లెక్క కట్టినవాడు ఫ్రెంచి సైనిక ఇంజనీరు కూలుంబ్. విద్యుత్తు పాఠంలో పిల్లలు చదివే కూలుంబ్ ఆయనే. 1776లో అచ్చయిన ఆయన పత్రం ప్రకారం మట్టి బలానికి రెండు రాబడులు. ఒకటి బంక, అంటే రేణువులు ఒకదాన్నొకటి అంటిపెట్టుకునే గుణం. రెండోది రాపిడి, అంటే పైన బరువు పడిన కొద్దీ రేణువులు బిగుసుకుని జారకుండా నిలబడే గుణం. బంక రాబడి ఎంత వైశాల్యం పట్టుకున్నామన్న దాన్ని బట్టి వస్తుంది. రాపిడి రాబడి ఎంత బరువు వేశామన్న దాన్ని బట్టి వస్తుంది.

మా దిక్కు ఎర్రచెల్కా ఉంది, నల్లరేగడీ ఉంది. చెల్కలో ఇసుక పాలు ఎక్కువ, అక్కడ రాపిడిది పైచేయి. నానిన రేగడిలో బంకదే పెత్తనం. రేగడి బురద మీద బరువు వేస్తే ఆ బరువును ముందు రేణువుల నడుమ ఇరుక్కున్న నీరు మోస్తుంది. ఆ సన్నటి సందుల్లోంచి నీరు వెంటనే బయటికి పోలేదు. రేణువులు దగ్గరపడవు, రాపిడి పెరగదు. అందుకే వెనక చక్రాలకు బరువు కడితే చెల్కలో పట్టు దొరుకుతుంది. రేగడి బురదలో అదే బరువు బండిని ఇంకో నాలుగు వేళ్లు కిందికి దించుతుంది. రేగడిలో పట్టు కావాలంటే చక్రం ఎక్కువ మట్టిని పట్టుకోవాలి. అంటే వెడల్పు కావాలి, లోతు కావాలి. ఇందుకు పూర్తిగా ఎదురు కొసన ఉండేది రైలు. నెక్కొండ స్టేషన్ ఉన్నది కాజీపేట–విజయవాడ దారిలో. మన గూడ్సు బండ్లను లాగే డబ్ల్యూఏజీ-9 ఇంజను 123 టన్నులు తూగుతుంది. ఉక్కు పట్టాలోకి చక్రం దిగలేదు కాబట్టి దానికి రాపిడి ఒక్కటే ఆధారం, అందుకే అంత బరువు. తడికి చక్రం జారితే సరిగ్గా దాని ముందు ఇసుక రాల్చే ఏర్పాటు కూడా ఇంజనులోనే ఉంటుంది.

ఇప్పుడు పళ్ల నడుమ దూరం సంగతి. గట్టిగా తోడుకున్న పెరుగులో గరిటెను నిలువుగా దించి మీ వైపుకు లాగి చూడండి. గరిటె తోసే దిక్కున పెరుగు ఒక ముక్కలా పగిలి, ఏటవాలుగా పైకి లేస్తుంది. మడిలో చక్రపు పన్ను చేసేది అదే. అది మట్టిని వెనక్కి తోస్తుంది. తోపు మట్టి ఓపికను మించగానే పంటి మొన దగ్గర పగులు మొదలై, వెనక్కి పోతూ పైకి తేలుతుంది. ముక్కోణపు దిమ్మ ఒకటి కదులుతుంది. ఈ పగులు వాలు ఎంత ఉంటుందో స్కాట్లాండు ఇంజనీరు రాంకిన్ 1857లో లెక్క చెప్పాడు. ఆ లెక్కన నానిన బంకమట్టిలో అది 45 డిగ్రీలు. అంటే పన్ను ఎంత లోతు దిగితే దాని వెనక, నేల మీద అంత దూరం మట్టి కదులుతుంది. 5 అంగుళాలు దిగితే 5 అంగుళాలు. ఇసుక పాలు ఎక్కువున్న నేలలో రాపిడి కోణం 30 డిగ్రీలు అనుకుంటే పగులు ఇంకా పడుకుంటుంది, అదే 5 అంగుళాల పంటి వెనక దాదాపు 8న్నర అంగుళాల మట్టి కదులుతుంది.

రెండో పన్ను ఈ దిమ్మలోనే పడిందనుకోండి. అది పట్టుకునేది అప్పటికే పగిలిన మట్టిని. రెండు పళ్లున్నా ఒక్క పంటి బలమే దక్కుతుంది, పైగా నడుమ ఇరుక్కున్న మట్టి రాలిపడే చోటు లేక చక్రానికే అంటుకుపోతుంది. పిల్లగాడు డ్రమ్మయితది అన్నది దీన్నే. దిగిన చక్రం తిరుగుతూ ఉంటుంది, పంటి కోణం క్షణక్షణం మారుతుంది కాబట్టి రాంకిన్ లెక్కను తొలి అంచనాగానే తీసుకోవాలి. అయినా పళ్లు ఎంత లోతు దిగుతాయో కనీసం అంత సందు ఉండాలన్న మాట అందులోంచి తేలికగానే వస్తుంది, చెల్క కలిసిన మడికి అంతకంటే ఎక్కువ. మరీ దూరమైనా చిక్కే. ఒక పన్ను లేచిపోయి రెండోది ఇంకా అందుకోకముందే వలయాలు బురదలో కూరుకుపోతాయి, చక్రం మెట్లు దిగినట్టు పడుతూ లేస్తూ పోతుంది. ఆ కుదుపంతా సీటు మీద కూర్చున్నవాడి నడుముకే.

లోతును నిర్ణయించేది పన్ను ఒక్కటే కాదు, కింద ఏముందన్నది కూడా. ఏళ్ల తరబడి కరిగెట చేసిన మడిలో మెత్తటి బురద కింద, సుమారు జానెడు లోతున, గట్టి పొర ఒకటి తయారై ఉంటుంది. ఏటా ఒకే లోతులో దున్ని దున్ని, తొక్కి తొక్కి బిగిసిన పొర. నీళ్లు తొందరగా ఇంకిపోకుండా ఆపేది అదే, చక్రాన్ని మోసేదీ అదే. పన్ను ఆ పొరను అందుకుంటే బండి సాగిపోతుంది. పత్తి చేనును మొన్న మొన్ననే పొలం చేసిన చోట, చెరువు శిఖంలో, ఆ పొర ఇంకా కుదురుకుని ఉండదు. అక్కడ ఎంత మంచి చక్రమైనా అడుగు దొరకక దిగబడుతుంది.

మంచు మీద కూడా ఆరాటమంతా అడుగున ఉన్న గట్టిదాన్ని అందుకోవడానికే. స్నోమొబైల్‌కు ముందు రెండు స్కీలు, వెనక చక్రాలకు బదులు ఒక రబ్బరు పట్టా. తడి ఆరని పొలాల్లో వరి కోసే చైన్ మిషన్ కింద తిరిగే పట్టాను చిన్నదిగా ఊహించుకుంటే సరిపోతుంది. ఈ బండి వెనక ఒక తండ్రి దుఃఖం ఉంది. క్యూబెక్‌లోని వాల్కూర్ అనే ఊళ్లో జోసెఫ్ ఆర్మాన్ బొంబార్డియే అనే మెకానిక్ 1934 చలికాలంలో రెండేళ్ల కొడుకును పోగొట్టుకున్నాడు. మంచు కప్పిన దారిలో ఆసుపత్రికి తీసుకుపోయే బండి లేకపోయింది. అప్పటికే మంచు బండ్లతో కుస్తీ పడుతున్న ఆయన, పళ్ల చక్రంతో తిరిగే పట్టాకు 1937లో పేటెంటు పొందాడు. 1959లో ఆయన కంపెనీ తెచ్చిన స్కీ-డూ ఒక్కరిద్దరు ఎక్కే చిన్న బండి.

మెత్తటి మంచులో పట్టా మీది రబ్బరు గుబ్బలు చాలు. గట్టి గడ్డ మీద చాలవు. సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉన్నప్పుడు కూడా మంచుగడ్డ పైన నీరు లాంటి పలుచటి పొర ఉంటుందని మైకేల్ ఫారడే 1850లోనే అన్నాడు. ఆ పొరను చీల్చుకుని లోపలికి దిగితే తప్ప పట్టు లేదు. అందుకే టంగ్‌స్టన్ కార్బైడ్ మొన ఉన్న మేకులు వాడతారు. మేకు మొన రబ్బరు గుబ్బ ఎత్తును దాటి కనీసం పావు అంగుళమైనా బయటికి ఉండాలి, లేకపోతే బరువంతా రబ్బరే మోస్తుంది, మొన గడ్డను తాకదు.

ఎన్ని మేకులు? లెక్క వేసి చూద్దాం. బండి, మనిషి కలిసి పట్టా మీద 220 కిలోల బరువు ఉందనుకుందాం. పట్టా చుట్టూ 96 మేకులుంటే ఒక సమయంలో నేలను తాకేది మూడో వంతు, 32. ఒక్కో మేకు మీద 7 కిలోలు. అత్యాశకు పోయి 288 బిగిస్తే నేలను తాకేవి 96, ఒక్కో మేకు మీద 2 కిలోల పైన కొంచెం. తేలికపాటి మేకు గడ్డలోకి దిగకుండా పైపైన గీసుకుపోతుంది. నెక్కొండ పెద్దాయన అడిగిన ఇంకో పట్టీకీ, ఆ అదనపు మేకులకూ జవాబు ఒకే దిక్కు నుంచి వస్తోంది.

ఎక్కడ బిగించాలన్నది ఇంకా ఆసక్తిగా ఉంటుంది. ఒక మేకు గీసిన గీతలోనే వెనక మేకు కూడా నడిస్తే అది దున్నిన చాలులో మళ్లీ దున్నడమే. గడ్డ అప్పటికే చితికి పొడి అయి ఉంటుంది. అందుకని మేకులను వరుసకు వరుసకు కాస్త పక్కకు జరుపుతూ, ఒక్కోటి తన గీత తాను గీసుకునేట్టు పరుస్తారు. పట్టా నడిమి భాగంలో బిగించినవి బండిని ముందుకు తోయడానికి, ఆపడానికి పనికొస్తాయి. అంచుల దగ్గరివి మలుపులో బండి పక్కకు జారకుండా పట్టుకుంటాయి. కుడివైపు ఎన్నో ఎడమవైపూ అన్నే ఉండాలి, లేకపోతే పట్టా ఒక పక్కకు లాగుతుంది. లోపలివైపు పట్టా జారే కమ్మీలు ఏ దారిన రాసుకుంటాయో ఆ దారిలో మేకు పెట్టకూడదు. పట్టా పైన బండి అడుగు భాగానికి మేకు మొన తగలకుండా చోటు చూసుకోవాలి.

ఈ ముట్టని చోటు సూత్రాన్ని మా ఊళ్లలో కళ్లారా చూడాలంటే బోరు బండి దగ్గరికి పోవాలి. తిరుచెంగోడు బండి వచ్చి బోరు వేస్తున్నప్పుడు బిట్టు మార్చే సమయం కనిపెట్టి ఉండండి. అరచేతి కంటే పెద్దదైన ఆ ఉక్కు ముఖం మీద గుండీల్లా పొడుచుకొచ్చినవి కూడా టంగ్‌స్టన్ కార్బైడ్ ముక్కలే. అంచున ఒక వరుస, లోపల ఇంకొన్ని, చూడటానికి చిందరవందరగా ఉంటాయి. చిందరవందర ఏమీ లేదు. హామర్ దెబ్బకు దెబ్బకు నడుమ బిట్టు కొంచెం తిరుగుతుంది. ప్రతి దెబ్బకూ గుండీ కొత్త రాతి మీద పడాలి. పాత గుంటలోనే మళ్లీ పడితే రాయి పగలదు, గుండీ అరుగుతుంది.

ట్రాక్టరు టైరు గుబ్బలు ఏటవాలుగా, బాణం ఆకారంలో ఎందుకుంటాయన్న దానికీ ఇక్కడే జవాబుంది. నేరుగా అడ్డంగా ఉన్న పన్ను పొడవంతా ఒక్క దెబ్బకు నేలను తాకుతుంది, కుదుపు ఎక్కువ. ఏటవాలు పన్ను కత్తెర కోసినట్టు ఒక కొస నుంచి మెల్లగా దిగుతుంది, బురదను నడుమ నుంచి అంచుకు నెట్టి తనను తాను కడుక్కుంటుంది. టైరు పక్కన బాణం గుర్తు ఉండేది అందుకే. తిరగేసి బిగిస్తే బురద బయటికి పోయే బదులు నడుమకు చేరుతుంది. కేజీ వీల్ పళ్లను ఏటవాలుగా వేసేటప్పుడు కుడి చక్రానికీ ఎడమ చక్రానికీ వాలు ఎదురెదురుగా, అద్దంలో బొమ్మలా ఉండాలి. రెండూ ఒకే వాలున ఉంటే బండి ఎప్పుడూ ఒక పక్కకే లాగుతుంది. షాపులో రెండు చక్రాలనూ పక్కపక్కన నిలబెట్టి చూసుకుంటే ఈ పొరపాటు దొరికిపోతుంది.

పట్టు ఎక్కువైతే ఏమవుతుందన్న మాట చెప్పకుండా ఈ వ్యాసం రాయలేను. స్నోమొబైల్ వాళ్లు వెనక మేకులు పెంచినప్పుడు ముందు స్కీల అడుగున ఉండే కార్బైడ్ పట్టీలను కూడా పొడుగైనవి వేస్తారు. వెనక తోపు ఎక్కువై ముందు పట్టు చాలకపోతే హ్యాండిల్ తిప్పినా బండి తిరగకుండా నేరుగా పోతుంది. మడిలో ట్రాక్టరుకూ ఇదే ఇబ్బంది. ముందు చక్రాలు బురదను తోసుకుంటూ పోతాయి, స్టీరింగు మాట వినవు. అందుకే డ్రైవర్లు రెండు బ్రేకు పెడళ్లను కలిపే కొక్కెం తీసేసి, తిరగాల్సిన వైపు బ్రేకు ఒక్కటే తొక్కుతారు. రోడ్డెక్కే ముందు ఆ కొక్కెం మళ్లీ వేయడం మరిచిపోతే, వేగంలో ఒక పక్క బ్రేకు పడి బండి గిర్రున తిరుగుతుంది.

ఇంతకంటే భయంకరమైనది వెనక్కి తిరగబడటం. ఇంజను ఇరుసును తిప్పాలని చూస్తుంది. చక్రం తిరిగితే బండి ముందుకు పోతుంది. దిగబడిన చక్రాన్ని పళ్లతో సహా మట్టి గట్టిగా పట్టేసుకుంటే, తిరగలేని చక్రానికి బదులు ట్రాక్టరే ఇరుసు చుట్టూ తిరుగుతుంది. ముక్కు పైకి లేస్తుంది. లేవడం మొదలయ్యాక సెకను లోపే చేయి దాటిపోతుంది, క్లచ్ తొక్కాలని తోచే లోపలే డ్రైవరు మీద పడుతుంది. కరిగెట కాలంలో మన ఊళ్లలో జరిగిన ఇట్లాంటి చావుల వార్త చదివినప్పుడల్లా కడుపు తరుక్కుపోతుంది. దిగబడినప్పుడు చక్రానికి దుంగ కట్టి ముందుకు లాగించడం మరీ ప్రమాదం, దుంగ అడ్డుపడి చక్రం బిగుసుకుంటుంది. రివర్సు గేరులో వెనక్కి రావడం మేలు. రాకపోతే చక్రాల చుట్టూ తవ్వి, ఇంకో ట్రాక్టరుతో పొడుగు గొలుసు వేసి లాగించాలి. ముందు బరువు బిళ్లలు పెట్టుకోవడం ఖర్చుగా చూడవద్దని చేతులు జోడించి అడుగుతాను.

మడిలో ప్రాణం పోసే పళ్లే రోడ్డు మీద శత్రువులు. 2 టన్నుల ట్రాక్టరు వెనక బరువంతా రోడ్డు మీద ఒకటి రెండు యాంగ్లర్ అంచుల మీద పడితే ఎండకు మెత్తబడ్డ తారు కోసుకుపోతుంది. ఏటా నాట్ల కాలంలో కేజీ వీల్స్‌తో తారు రోడ్డెక్కితే జరిమానా అని అధికారులు హెచ్చరిస్తూనే ఉంటారు. జపానులో మేకుల టైర్లు చలికాలపు రోడ్లను గీకి, సెందాయ్, సప్పోరో లాంటి నగరాల్లో గాలిలో దుమ్ము నింపాయి. చివరికి 1990లో చట్టం చేసి వాటిని కట్టడి చేశారు. మేకులు లేకుండానే మంచును పట్టుకునే మెత్తటి రబ్బరు టైర్లకు జనం మళ్లారు. మన రోడ్ల విషయంలో నేరమంతా రైతు మీద మోపడం నాకు ఒప్పదు. మడికీ మడికీ నడుమ మట్టిబాట లేని చోట తారు రోడ్డే దారి. దాటే చోట పాత టైర్లు పరిచి వాటి మీదుగా నడిపే వాళ్లున్నారు. ప్రతి ఊరికీ పొలంబాట వేయడం ఏటా రోడ్డును పూడ్చడం కంటే మంచి పని.

చక్రాలకూ నేలకూ ఉన్న ఈ సంబంధాన్ని ఒక శాస్త్రంగా నిలబెట్టినవాడు పోలండుకు చెందిన ఎం. జి. బెకర్. 1956లో ఆయన పుస్తకం వచ్చింది. 1971లో చంద్రుడి మీద వ్యోమగాములు నడిపిన బండి తయారీలోనూ ఆయన చేయి ఉంది. ఆ చక్రాలు తీగతో అల్లిన జల్లెడలు, వాటి మీద బాణం ఆకారపు టైటానియం పట్టీలు. నేలను తాకే భాగంలో సగమే పట్టీలు, మిగతా సగం ఖాళీ. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగాక బయటికొచ్చిన ప్రజ్ఞాన్ రోవర్ 26 కిలోలది, చంద్రుడి మీద అది 4 కిలోల పైచిలుకే తూగుతుంది. రాపిడి రాబడి ఆరో వంతుకు పడిపోయిన చోట దాని ఆరు చక్రాలకూ అడ్డ పళ్లున్నాయి. నాలుగు రోజుల తర్వాత దారిలో 4 మీటర్ల గొయ్యి ఎదురైతే అది వెనుదిరిగింది. ఆ దారిలో దాని చక్రాలు వేసిన అచ్చుల ఫొటోను ఇస్రో విడుదల చేసింది. నేను ఆ ఫొటోను మడి గెట్టు మీది చక్రపు అచ్చును చూసినట్టే చూశాను.

ఆ అచ్చు చదవడం కష్టమేమీ కాదు. గెట్టు దగ్గర మట్టి కాస్త గట్టిగా ఉన్న చోట ట్రాక్టరు పోయాక వంగి చూడండి. పంటికీ పంటికీ నడుమ మట్టి దిమ్మలు నిలబడి ఉంటే దూరం సరిపోయింది. దిమ్మలు కూలి అంతా ఒకే నున్నటి కాలువలా సాగి ఉంటే చక్రం జారింది, లేదా పళ్లు మరీ దగ్గరున్నాయి. ఎంత జారిందో కూడా కొలవొచ్చు. చక్రం మీద ఒక చోట సున్నం బొట్టు పెట్టి, గట్టి నేల మీద 10 చుట్లకు ఎంత దూరం పోయిందో తాడుతో కొలిచి పెట్టుకోండి. మడిలో అవే 10 చుట్లకు మళ్లీ కొలవండి. గట్టి నేల మీద 40 మీటర్లు పోయింది మడిలో 30 మీటర్లే పోతే, తగలేసిన డీజిలులో నాలుగో వంతు బురదను తిప్పడానికే పోయింది. తాడు, సున్నం, ఇద్దరు మనుషులు చాలు. వెల్డింగ్ షాపుకు పోయే ముందు రోజు పొద్దున చేసుకునే పని ఇది.